విమానం తోకలోని రాడార్‌తో హరికేన్ లోపలి గాలిని చదవడం ఎలా

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా వెళ్ళింది. నేనప్పుడు ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.టెక్ చదువుతున్నాను. పొద్దున్నుంచీ ఉత్తరం వైపు నుంచి కొడుతున్న గాలి ఉన్నట్టుండి తగ్గింది. హాస్టల్ వరండాలోకి వచ్చి చూస్తే ఎదురుగా ఉండే చెట్లలో నిలబడి ఉన్నవి రెండో మూడో. ఎవరో "హమ్మయ్య, అయిపోయింది" అన్నారు. అయిపోలేదని మాకు తెలుసు. కాసేపటికి గాలి మళ్ళీ లేచింది, ఈసారి దక్షిణం నుంచి. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ అప్పటికే తుపాను దెబ్బకి ఆగిపోయింది. మా నెత్తి మీద ఉన్న కన్ను ఎంత వెడల్పుందో, దాని చుట్టూ గోడలా లేచిన మేఘాల్లో ఏ ఎత్తులో గాలి ఎంత వేగంతో తిరుగుతోందో చూసే సాధనం ఆ గంటలో మాకు లేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటూ, హరికేన్లలోకి వెళ్ళొచ్చే విమానాల రాడార్ డేటా శుభ్రం చేసి విశ్లేషించడమే పనిగా చేస్తున్నాను. మన పిల్లలు, విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ, "ఈ డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది కదా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతూ ఉంటారు. అందుకే పూర్తిగా రాస్తున్నాను. ఒక మామూలు ల్యాప్‌టాప్, కాస్త పైథాన్, బోలెడంత ఓపిక ఉంటే చాలు. పని పూర్తయ్యేసరికి మీ చేతిలో రెండు బొమ్మలుండాలి: సముద్రం మీద 2 కిలోమీటర్ల ఎత్తులో గాలి పటం ఒకటి, కన్ను మధ్య నుంచి బయటికి నిలువునా కోసిన ముక్క ఒకటి.

రాడార్‌ని విమానం ఎక్కించడం దేనికి

ఒడ్డున ఉన్న రాడార్ బీమ్‌ని అర డిగ్రీ పైకి పెట్టి పంపారనుకోండి. 200 కిలోమీటర్ల దూరం చేరేసరికి, భూమి వంపు కూడా కలుపుకుంటే, ఆ బీమ్ సముద్రం మీద దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇళ్ళ కప్పులు లేపేసే గాలి, అలలను తీరం మీదికి తోసే గాలి అంతా ఆ బీమ్‌కి కింద ఉంటుంది. ఒడ్డు రాడార్‌కి అది కనిపించదు. తుపాను దగ్గరికొచ్చాక కనిపిస్తుంది కానీ, అప్పటికి జనాన్ని తరలించే సమయం అయిపోయి ఉంటుంది. బంగాళాఖాతంలో ఈరోజుకీ తుపాను నడిసముద్రంలో ఉన్నప్పుడు దాని బలాన్ని ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల తీరు చూసి అంచనా కడతారు. అట్లాంటిక్‌లో మాత్రం రాడార్‌ని తుపాను దగ్గరికే తీసుకెళ్తారు.

తీసుకెళ్ళేవి ముఖ్యంగా అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవాకి చెందిన రెండు పీ-3 విమానాలు. నాలుగు ప్రొపెల్లర్లున్న పాతకాలపు గట్టి విమానాలు. 1970ల మధ్య నుంచీ ఎగురుతున్నాయి. వీటి ఇల్లు ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ విమానాశ్రయం. ఒకదాని పేరు కెర్మిట్, ఇంకోదాని పేరు మిస్ పిగ్గీ. పిల్లల బొమ్మలాటలోని పాత్రల పేర్లు. వీటి పొట్ట కింద ఒక రాడార్ ఉంటుంది, అది నేలకి సమాంతరంగా, సీలింగ్ ఫ్యాన్‌లా తిరుగుతుంది. తుపాను చుట్టూ వాన పట్టీలు ఎలా పరుచుకున్నాయో చూపిస్తుంది. మన పని తోకలో ఉన్న రాడార్‌తో. అది బండి చక్రంలా నిలువుగా తిరుగుతుంది: కింద సముద్రం, ఒక పక్క, నడినెత్తి, ఇంకో పక్క, మళ్ళీ సముద్రం. నిమిషానికి సుమారు 10 చుట్లు. విమానం ముందుకు పోతూ ఉంటుంది కాబట్టి బీమ్ స్ప్రింగులా చుట్టుకుంటూ తుపాను గుండా వెళుతుంది.

ఈ బీమ్ అచ్చంగా పక్కకి చూడదు. ఒక స్వీప్‌లో, అంటే ఒక చుట్టులో, 20 డిగ్రీలు ముందుకి వాలి ఉంటుంది, తర్వాతి స్వీప్‌లో 20 డిగ్రీలు వెనక్కి. ఎందుకంటే డాప్లర్ రాడార్ చినుకు తన వైపు వస్తోందా, తన నుంచి దూరంగా పోతోందా అన్నది మాత్రమే కొలవగలదు. అడ్డంగా పోయే గాలి దానికి తెలియదు. ఒకే చోటుని రెండు దిక్కుల నుంచి చూస్తే గాలి అసలు దిశ తేలుతుంది. ముందు బీమ్ చూసిన చోటునే కాసేపాగి వెనక బీమ్ మళ్ళీ చూస్తుంది. ఈ "కాసేపు" ఎంతో గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఏ ఫ్లయిట్ ఎంచుకోవాలి

ప్రతి ఫ్లయిట్‌కీ ఒక గుర్తు ఉంటుంది: తేదీ, దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె. హెచ్ ఉంటే కెర్మిట్, ఐ ఉంటే మిస్ పిగ్గీ, ఎన్ ఉంటే పైన సుమారు 45 వేల అడుగుల దగ్గర ఎగిరే జెట్. 2022 సెప్టెంబరు 28న, అంటే ఇయన్ హరికేన్ ఫ్లోరిడా తీరం దాటిన రోజున, కెర్మిట్ చేసిన ఫ్లయిట్‌కి 20220928 పక్కన హెచ్ 1 ఉంటుంది. ఈ పద్ధతి ఒకసారి పట్టుబడితే దశాబ్దాల డేటాలో మీకు కావలసింది ఇట్టే దొరుకుతుంది.

మొదటిసారికి బలమైన, గుండ్రటి కన్ను స్పష్టంగా ఉన్న హరికేన్ తీసుకోండి. ఇంకా పూర్తిగా ఏర్పడని, ఒక పక్కకి ఒరిగిపోయిన తుపాన్లు పరిశోధనకి ఎంతో విలువైనవే. కానీ వాటిలో కేంద్రం ఎక్కడుందో పెద్దవాళ్ళే వాదించుకుంటారు, కొత్తవాళ్ళకి నిరుత్సాహం వస్తుంది. ఇయన్ లాంటి రోజు కూడా మొదటే వద్దు. విమానం అంత కుదుపుకి గురైనప్పుడు డేటా శుభ్రం చేయడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం.

విమానం ప్రయాణించిన దారి గీసుకోవడం మొదటి పని. మామూలుగా ఇంగ్లీషు 4 అంకె ఆకారంలో ఉంటుంది: ఒక మూల నుంచి లోపలికొచ్చి, కన్ను దాటి ఎదురు మూలకి పోయి, పక్కగా చుట్టుకుని వచ్చి, మళ్ళీ అడ్డంగా కన్ను దాటడం. కేంద్రం నుంచి బయటి చివరికి 105 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 195 కిలోమీటర్లు, ఒక మామూలు కొలత. సెకనుకు 120 మీటర్ల వేగంతో పోతే ఆ దూరానికి 27 నిమిషాలు పడుతుంది. కన్ను గుండా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పోయే దారిని పాస్ అంటాం. ఒక్క పాస్ తీసుకోండి, చాలు. ఎత్తు ఎంతో కూడా రాసిపెట్టుకోండి. సాధారణంగా 8 వేల నుంచి 12 వేల అడుగులు ఉంటుంది. 1989 సెప్టెంబరు 15న బార్బడోస్ దగ్గర హ్యూగో హరికేన్‌లోకి కెర్మిట్ 1,500 అడుగుల ఎత్తులో వెళ్ళింది. కంటి గోడలో, అంటే కన్ను చుట్టూ లేచిన మేఘాల గోడలో, ఒక ఇంజన్ పోయింది. కన్ను లోపలే గుండ్రంగా తిరుగుతూ ఎత్తు పెంచుకుని ఎలాగో బయటపడ్డారు. మీ స్క్రీన్ మీద ఉన్న ప్రతి గేటు (బీమ్ వెంట రాడార్ కొలిచే ఒక్కో చిన్న ముక్క) వెనకా అందులో కూర్చున్న మనుషులున్నారు. డేటా డౌన్‌లోడ్ చేసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇంకో సలహా. ముడి డేటా ముట్టుకునే ముందు, అదే ఫ్లయిట్‌కి నిపుణులు తయారుచేసిన విశ్లేషణ తెరిచి చూడండి. మయామీలోని హరికేన్ పరిశోధన విభాగం వీటిని అందరికీ అందుబాటులో ఉంచింది. అడ్డంగా 2 కిలోమీటర్లకొకటి, నిలువుగా అర కిలోమీటరుకొకటి చొప్పున గళ్ళుంటాయి, నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళలో ఉంటుంది. ముందే జవాబు చూసేస్తే నేర్చుకునేదేముంది అని కొందరంటారు. నేను ఒప్పుకోను. వంట నేర్చుకునేవాళ్ళు ముందు ఆ కూర రుచి చూడాలి కదా. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో అప్పుడే తెలుస్తుంది.

ముందు విమానాన్ని తీసేయండి

ఈ పనంతటికీ ప్రాణం ఇక్కడుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

నేల మీద రాడార్ కదలదు. ఇది సెకనుకు 120 మీటర్ల వేగంతో పోతూ, రెక్కలు ఒరుగుతూ, ముక్కు ఎత్తుతూ దించుతూ, అడ్డంగా వీచే గాలికి పక్కకి కొట్టుకుపోతూ ఉంటుంది. 20 డిగ్రీలు ముందుకి వాలిన బీమ్‌లో విమానం సొంత వేగం సెకనుకు 41 మీటర్ల మేర కలిసిపోతుంది. అంటే రాడార్ కొలిచిన అంకెలో సగం గాలి, సగం విమానం. విమానాన్ని తీసేస్తే గానీ గాలి మిగలదు.

తీసేయడానికి నాలుగు కోణాలు కావాలి: రెక్కలు ఎంత ఒరిగాయి, ముక్కు ఎంత లేచింది, ఎటు వైపు తిరిగి ఉంది, ఆ తిరిగిన దిక్కుకీ నిజంగా పోతున్న దిక్కుకీ తేడా ఎంత. చివరిదాన్ని డ్రిఫ్ట్ అంటాం. ఇవన్నీ ఫైల్లోనే ఉంటాయి. ఎల్‌రోజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సముదాయంలో రాడెక్స్ అనే పనిముట్లున్నాయి, వాటితో ముడి ఫైళ్ళని సీఎఫ్-రేడియల్ రూపంలోకి మార్చుకోండి. బొమ్మలు చూడటానికి పైథాన్‌లో పై-ఆర్ట్ ఉంది. అందులో విమాన రాడార్ కోసం ప్రత్యేకంగా ఉన్న డిస్‌ప్లే వాడండి. నేల రాడార్‌కి వాడేది వాడితే బొమ్మ వస్తుంది కానీ తప్పుగా వస్తుంది, తప్పని చెప్పేవాళ్ళూ ఉండరు.

ఫైల్లో ఉన్న కోణాల్ని ఉన్నవున్నట్టు నమ్మొద్దు. డ్రిఫ్ట్‌లో ఒక్క డిగ్రీ తప్పుంటే పక్కకి చూసే బీమ్‌లో గాలి వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు తప్పుతుంది. 60 మీటర్ల గాలిలో 2 మీటర్లు ఎంతనుకుంటారు. కానీ గాలి పైకి లేచే వేగాన్ని మనం అడ్డంగా వీచే గాలి నుంచి లెక్కగడతాం. అక్కడ 2 మీటర్లు పెద్ద తప్పు.

నా మొదటి నెలలో జరిగింది చెప్తాను. గాలి పైకి లేచే వేగం పటం గీశాను. కంటి గోడ బయట సన్నగా, పొడుగ్గా, 100 కిలోమీటర్ల దాకా ఒక ఎర్రటి చార కనిపించింది. కొత్త వాన పట్టీ ఏదో పట్టుకున్నానని పొంగిపోయి ప్రింట్ తీసుకుని మా సీనియర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆ కాగితం మీద విమానం దారి పెన్సిల్‌తో గీశారు. చార మీద గీత సరిగ్గా కూర్చుంది. "ఈ గాలి విమానం వెంటే ఎందుకు నడుస్తోంది?" అని మాత్రం అడిగారు. డ్రిఫ్ట్ కోణం తప్పు. ఆ రోజు నుంచి ఏ పటం గీసినా దాని మీద విమానం దారి కూడా గీస్తాను. మీరూ గీయండి. విమానం దారి వెంట, దానికి సమాంతరంగా ఏది కనిపించినా ముందు అనుమానించండి. తుపానుకి విమానం ఎటు పోతోందో తెలియదు కదా.

కోణాలు సరిచూసుకోవడానికి ఒక అందమైన ఉపాయం ఉంది. కింద సముద్రం. దాన్ని తాకి తిరిగొచ్చే సంకేతం, అంటే సముద్రపు ఎకో, ప్రతి స్వీప్‌లోనూ ఉంటుంది. విమానం వేగాన్ని సరిగ్గా తీసేసి ఉంటే సముద్రం దాదాపు కదలకుండా, సున్నా దగ్గర కనిపించాలి. సున్నా దగ్గర లేదంటే కోణాల్లో తప్పుందన్నమాట. ముందు బీమ్‌లో ఎంత, వెనక బీమ్‌లో ఎంత, ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత అని చూసుకుంటూ పోతే ఏ కోణంలో ఎంత తప్పో బయటపడుతుంది. సముద్రం ఉపరితలం కూడా గాలికి కొంచెం కదులుతుంది, అందుకే ఒక్క స్వీప్ చూసి తేల్చేయకుండా పాస్ మొత్తం మీద సగటు తీసుకోండి. అలాగే సముద్రపు ఎకో ఎత్తు పటంలో సున్నా దగ్గరే రావాలి. ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి ఉంటే రెక్కలు ఒరిగిన కోణం తప్పు.

విమానం వేగాన్ని తీసేసే లెక్కలు ఒక్కచోట కూర్చి 1994లో నలుగురు ఒక పేపర్ రాశారు. వాళ్ళలో ఒకరు పీటర్ డాడ్జ్. మయామీలో హరికేన్ రాడార్ పనికే జీవితం ఇచ్చిన మనిషి. కన్ను గుండా 386 సార్లు వెళ్ళొచ్చారు. 2023లో పోయారు. 2024 అక్టోబరు 8న పీ-3 విమానం మిల్టన్ హరికేన్ కన్నులోకి వెళ్ళినప్పుడు ఆయన అస్థికలు అక్కడ వదిలారు. ఆ రోజు విమానం పంపిన సందేశంలో ఆయన పేరు పక్కన 387వ సారి అని రాశారు. మన ఇళ్ళలో గోదాట్లోనో కృష్ణలోనో కలుపుతాం. ఆయన్ని కన్నులో కలిపారు. ఆ సందేశం చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను.

చెత్త ఏరడం, మడతలు విప్పడం

విమానం తీసేశాక మిగిలినదంతా గాలి కాదు. సముద్రపు ఎకోని దిద్దుబాటుకి వాడుకున్నాక తీసేయాలి. విమానం 3 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, సరిగ్గా 3 కిలోమీటర్ల దూరంలో దాని చుట్టూ గాజులా ఒక వలయం కనిపిస్తుంది. బీమ్ పక్కల నుంచి కారిన శక్తి కింద సముద్రాన్ని తాకి తిరిగొచ్చినదది. దాన్నీ తీసేయాలి. అక్కడక్కడా చుక్కల్లా మిగిలేవి ఆటోమేటిక్ ప్రోగ్రాములే తీసేస్తాయి. చేత్తో ఏరాలంటే సోలో అనే పాత ఎడిటర్, హాక్‌ఎడిట్ అనే కొత్తది ఉన్నాయి. కన్ను లోపలి బలహీనమైన ఎకోల్ని మాత్రం చెత్తనుకుని ఊడ్చేయకండి. రాడార్ చినుకులున్న చోటే చూడగలదు. కన్నులో వాన తక్కువ కాబట్టి దొరికే నాలుగు గేట్లూ అపురూపం.

ఇక మడతలు. డాప్లర్ రాడార్ కొలవగలిగే వేగానికి ఒక హద్దుంటుంది. దాన్ని నైక్విస్ట్ హద్దు అంటారు. బీమ్ తరంగదైర్ఘ్యాన్ని సెకనుకు పంపే పల్సుల సంఖ్యతో గుణించి 4తో భాగిస్తే వస్తుంది. తోక రాడార్ తరంగదైర్ఘ్యం 3.2 సెంటీమీటర్లు. సెకనుకు 1,600 పల్సులు పంపితే హద్దు 12.8 మీటర్లు. హరికేన్‌లో గాలి 50, 60, 70 మీటర్లు ఉంటుంది. హద్దు దాటిన వేగం మడతపడి మళ్ళీ అవతలి చివర నుంచి మొదలవుతుంది. గడియారంలో ముల్లు 3 మీదుంటే తెల్లవారుజామో మధ్యాహ్నమో ముల్లు చెప్పదు, బయటికి చూసి మనమే తేల్చుకోవాలి. ఇదీ అంతే. నిజమైన వేగం 40 అయితే రాడార్ మైనస్ 11.2 అని చూపిస్తుంది. హద్దుకి రెట్టింపు, అంటే 25.6ని, రెండుసార్లు కలిపితే మళ్ళీ 40 వస్తుంది. ఎన్నిసార్లు కలపాలో తెలుసుకోవడమే మడత విప్పడం.

విమానం దగ్గర మొదలుపెట్టండి. విమానం తాను ఉన్న చోట గాలిని నేరుగా కొలుస్తుంది. ఆ కొలత నమ్మదగ్గది. రాడార్ మొదటి గేటు దానికి సరిపోయేలా మడత విప్పండి. అక్కడి నుంచి ఒక్కో గేటూ బయటికి నడుస్తూ, పక్క గేటుతో పోల్చుకుంటూ వెళ్ళండి. వాన ఒకేలా ఉన్నచోట ఇది నల్లేరు మీద నడకే. చిక్కంతా కంటి గోడ లోపలి అంచులో. అక్కడ రెండు మూడు గేట్లలోనే గాలి 30 మీటర్లు పెరిగిపోతుంది. మధ్యలో ఖాళీ ఉందనుకోండి, అవతలి ఒడ్డున ఎన్ని మడతలో ఊహించుకోకండి. పైనున్న ఎత్తులో, లేదా పక్క స్వీప్‌లో, ఖాళీ లేని దారి వెతికి చుట్టూ తిరిగి చేరుకోండి. అలాంటి దారి దొరక్కపోతే ఆ ముక్క వదిలేయండి. పల్సుల వేగాన్ని మార్చి మార్చి పంపి హద్దుని 50 మీటర్ల దాకా పెంచే పద్ధతి కూడా ఉంది. మడతలు బాగా తగ్గుతాయి. అయితే అక్కడక్కడా ఒంటరి గేట్లు తప్పు మడతలోకి దూకుతాయి, వాటిని ఏరుకోవాలి.

రెండు చూపులు కలపడం

ఇప్పుడు ముందు బీమ్, వెనక బీమ్ కలిపి గళ్ళలోకి మార్చాలి. సమురాయ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. ప్రోగ్రామ్ నడపడం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. అది ఇచ్చిన జవాబు ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోవడమే అసలు పని.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతికి వద్దాం. విమానం నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మేఘాన్ని ముందు బీమ్ చూసిన తర్వాత వెనక బీమ్ చూడటానికి విమానం 29 కిలోమీటర్లు ముందుకి పోవాలి. అంటే 4 నిమిషాలు. ఆ 4 నిమిషాల్లో కంటి గోడలో ఒక చిన్న ఉరుముల మేఘం సెకనుకు 50 మీటర్ల గాలిలో 12 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది, ఈలోగా బలం పుంజుకోవచ్చు, చచ్చిపోనూ వచ్చు. కాబట్టి దూరంగా కనిపించే చిన్న చిన్న మేఘాల గురించి గట్టిగా ఏమీ చెప్పకండి. కంటి గోడ మొత్తం ఆకారం, గాలి సగటు తిరుగుడు, వీటికి 4 నిమిషాలు లెక్కలోవి కావు. దూరం పెరిగేకొద్దీ బీమ్ కూడా వెడల్పవుతుంది. సుమారు 2 డిగ్రీల బీమ్ 30 కిలోమీటర్ల దగ్గర కిలోమీటరు వెడల్పుంటుంది. అంతకన్నా చిన్నది అక్కడ కనిపించిందంటే అది మీ ఊహే.

నిలువుగా చూసే బీమ్‌లో చినుకు పడే వేగం కూడా కలిసి ఉంటుంది. పెద్ద చినుకులు సెకనుకు 5 నుంచి 9 మీటర్ల వేగంతో పడతాయి, మంచు పలుకులు 1 నుంచి 2 మీటర్లతో. హరికేన్‌లో మంచు కరిగే ఎత్తు సుమారు 5 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ ఎత్తు తప్పుగా ఇస్తే చినుకుల్ని మంచనుకుని ప్రోగ్రామ్ మీకు లేని గాలిని కిందికి దించుతుంది.

కేంద్రం పట్టుకోవడం

గాలిని కన్ను చుట్టూ తిరిగేదిగా, కన్ను వైపు వచ్చేదిగా విడదీయాలంటే ముందు కన్ను కేంద్రం కావాలి. ఇక్కడ నిర్లక్ష్యం చేసినవాళ్ళు ఎంతమందో. ఒక లెక్క చూడండి. కన్ను నుంచి 20 కిలోమీటర్ల దగ్గర గాలి సెకనుకు 50 మీటర్లతో తిరుగుతోంది. మీరు కేంద్రం 4 కిలోమీటర్లు పక్కన పెట్టారు. అప్పుడు ఒక పక్క సెకనుకు 10 మీటర్ల గాలి లోపలికి దూసుకొస్తున్నట్టు, ఎదురు పక్క అంతే గాలి బయటికి పోతున్నట్టు కనిపిస్తుంది. నిజంగా అలాంటిదేమీ ఉండదు. దాని మీద మీరు ఒక సిద్ధాంతం కూడా కట్టేయొచ్చు, అందుకే భయం.

పద్ధతి సులువే. 2 కిలోమీటర్ల ఎత్తులో ఒక అంచనా కేంద్రం పెట్టండి, దాని చుట్టూ తిరిగే గాలి సగటు తీయండి. కేంద్రాన్ని కొంచెం కొంచెం జరుపుతూ ఆ సగటు ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ వస్తుందో చూడండి. అదే కేంద్రం. విమానం కొలిచిన గాలి తగ్గి దిశ మారిన చోటుతో పోల్చుకోండి. రెండూ దగ్గర్లో ఉండాలి. తుపాను కదలికని మర్చిపోవద్దు. సెకనుకు 5 మీటర్లతో కదిలే తుపాను కూడా గంటలో 18 కిలోమీటర్లు జరుగుతుంది. పాస్ పూర్తవడానికి దాదాపు గంట పడుతుంది. కాబట్టి ప్రతి గేటునీ ఆ క్షణంలో కేంద్రం ఎక్కడుందో దాన్నుంచి కొలవాలి, భూమి మీద చుక్క పెట్టి కాదు.

బొమ్మ చదవడం

నిలువు ముక్క గీశాక మొదట కంటి గోడ వాలు చూడండి. పైకి వెళ్ళేకొద్దీ బయటికి వాలుతూ ఉంటుంది, స్టేడియం మెట్లలా. బలమైన గాలి పైన ఉండదు, కింద, సుమారు మొదటి కిలోమీటరులోనే ఉంటుంది. మీ బొమ్మలో అది 8 కిలోమీటర్ల దగ్గర వచ్చిందంటే మడత విప్పడంలో ఎక్కడో తప్పారు. తర్వాత రెండు పక్కలూ పోల్చండి. ఒక పక్క గోడ ఎత్తుగా, ఇంకో పక్క పొట్టిగా ఉంటే, పై గాలి తుపానుని ఎటు నెడుతోందో ఆలోచించండి.

విమానానికి దూరంగా, గట్టి వాన వెనక, రిఫ్లెక్టివిటీ (తిరిగొచ్చే ఎకో బలం) ఒక్కసారిగా పడిపోతే అక్కడ వాన తగ్గిందనుకోవద్దు. 3.2 సెంటీమీటర్ల తరంగాలు గట్టి వానలో నీరసించిపోతాయి. చిన్న డిష్ తోకలో పట్టాలని ఈ తరంగం ఎంచుకున్నందుకు మనం కట్టే ధర ఇది. ఆ చోటుని ఇంకో పాస్‌లో ఇంకో పక్క నుంచి చూడండి.

సముద్రం మీద మొదటి అర కిలోమీటరు ఈ రాడార్‌కి సరిగ్గా కనిపించదు, సముద్రపు ఎకో కప్పేస్తుంది. అక్కడ డ్రాప్‌సోండ్‌లే దిక్కు. విమానం నుంచి చిన్న పారాచూట్‌తో వదిలే గొట్టాలవి, సముద్రంలో పడేదాకా గాలి, పీడనం, ఉష్ణోగ్రత, తేమ పంపుతూనే ఉంటాయి. వాటి గీతని మీ రాడార్ గీత కింద అతికించి చూడండి. రెండూ కలిసే చోట నున్నగా కలిస్తే మీ పని బాగా వచ్చినట్టే. కలవకపోతే డ్రాప్‌సోండ్‌ని కాదు, ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోండి.

డేటా లేని చోట తెల్లగా వదిలేయండి. బొమ్మ అందంగా రావాలని చుట్టుపక్కల అంకెలతో నింపేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఈ తోక రాడార్ డేటాని 2013 నుంచీ నిజమైన హరికేన్ అంచనాలు చేసే మోడల్‌లోకి కూడా పంపుతున్నారు. రాడార్ చూడని గాలిని చూసినట్టు రాస్తే, ఆ మోడల్ అది నిజమేనని నమ్మి ఎక్కడో ఒక ఊరికి లెక్క కడుతుంది.

ఇంకొక్క పని. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ గేట్లు తీశారో, ఎందుకు తీశారో తీసినప్పుడే రాయండి. తర్వాత రాద్దామంటే గుర్తుండదు. నా పుస్తకంలో నుంచి ఒక పేజీ ముక్క:

"రెండో పాస్. 17:42. వెనక బీమ్, ఎడమ పక్క. 31 నుంచి 38 కి.మీ. దాకా గేట్లు తీసేశాను. మడత రెండా మూడా తేలలేదు. ముందు బీమ్‌లో ఇదే చోట ప్లస్ 46 వచ్చింది. పై ఎత్తు నుంచి చుట్టూ వచ్చి చూశాను, దారి లేదు. మూడో పాస్‌లో ఇదే పక్కన విమానం దగ్గరగా వెళ్ళింది, అది చేశాక మళ్ళీ చూడాలి."